కూల్చి కట్టుకునే ఊరి జ్ఞాపకాలు

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, మొహావీ ఎడారిలో ఉన్న లాస్ వెగాస్ పట్టణంగా పుట్టింది 1905లో. 1930 జనాభా లెక్కల నాటికి అక్కడున్నది 5,165 మంది. 2020 నాటికి నగరంలో 6 లక్షల 40 వేల మంది, చుట్టూ ఉన్న శివార్లన్నీ కలిపిన క్లార్క్ కౌంటీలో 22 లక్షల పైచిలుకు. ఇప్పుడున్నవాళ్లలో అత్యధికులు ఎక్కడినుంచో వచ్చినవాళ్లే, కాకపోతే వచ్చినవాళ్ల పిల్లలు. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నామని చెప్పగల కుటుంబాలు అరుదు. పైగా పాతది కూల్చి కొత్తది కట్టుకోవడం ఈ ఊరికి అలవాటు. డ్యూన్స్ 1993లో, ల్యాండ్‌మార్క్ 1995లో, సాండ్స్ 1996లో, స్టార్‌డస్ట్ 2007లో, ట్రాపికానా 2024లో నేలమట్టమయ్యాయి. పేరుమోసిన ఈ హోటళ్లన్నింటినీ పేలుడు పదార్థాలు అమర్చి క్షణాల్లో పడగొట్టారు. డ్యూన్స్‌ను కూల్చిన రోజునైతే బాణసంచా కాల్చి పండగ చేశారు.

కట్టడాలు మిగలని చోట చరిత్రకారులకు దొరికేవి కాగితాలు, ఫొటోలు, బతికున్నవాళ్ల మాటలు. కాగితాల్లో ఎక్కువ భాగం రైల్వే కంపెనీవి, కౌంటీ ఆఫీసువి, పత్రికలవి. ఎవరు ఎంతకు స్థలం కొన్నారో వాటిలో ఉంటుంది గానీ, ఆ స్థలంలో గుడారం వేసుకుని ఎండాకాలం ఎలా గడిపారో ఉండదు. ఆ ఖాళీని పూరించడానికే యాభై ఏళ్లుగా అక్కడి విశ్వవిద్యాలయాలు, మ్యూజియాలు, గ్రంథాలయాలు రెండు రకాల సేకరణలు చేస్తున్నాయి. ఒకటి మౌఖిక చరిత్ర, అంటే చూసినవాళ్లను కూర్చోబెట్టి అడిగి, రికార్డు చేసి దాచడం. రెండోది ఇళ్ల అటకల మీద, అట్టపెట్టెల్లో ఉండిపోయిన ఫొటోలను పోగుచేయడం.

ఇక్కడ మనుషులు నిలవడానికి మొదటి కారణం నీటి ఊటలు. ఏడాదికి సుమారు పది సెంటీమీటర్ల వాన మాత్రమే పడే చోట నేలలోంచి నీళ్లు ఉబికి, చుట్టూ పచ్చిక పెరిగేది. స్పానిష్‌లో ఈ ఊరి పేరుకు పచ్చిక బయళ్లనే అర్థం. ఆ ఊటలను ఆధారం చేసుకుని దక్షిణ పైయూట్ జాతివాళ్లు తరతరాలుగా బతికారు. వాళ్ల చరిత్ర రాతలో కన్నా పాటలో ఎక్కువ నిలిచింది. మరణానంతర కర్మల్లో రాత్రంతా పాడే ‘సాల్ట్ సాంగ్స్’లో కొండలు, ఊటలు, దారులు వరుసగా వస్తాయి. ఆ రకంగా అవి ఎడారికి పాటగా కట్టిన పటం. ఇలాంటివాటిని రికార్డు చేయాలా, చేస్తే ఎవరికి వినిపించాలి అన్నది ఆ సముదాయం తేల్చాల్సిన విషయం. మౌఖిక చరిత్రకారులు ఈ సంగతి ఒప్పుకోవడం నేర్చుకున్నది ఆలస్యంగానే.

1829లో వర్తకుడు ఆంటోనియో ఆర్మిహో బిడారుకు చెందినవాళ్లు ఈ లోయలోకి వచ్చారు. 1844 మే నెలలో అన్వేషకుడు జాన్ ఫ్రెమాంట్ ఇక్కడ విడిది చేసి తన నివేదికలో ఊటల గురించి రాయడంతో ఈ చోటు పటాల్లోకి ఎక్కింది. 1855లో మోర్మన్ మతప్రచారకులు పచ్చి ఇటుకలతో ఒక కోట కట్టి రెండేళ్లకే వదిలి వెళ్లిపోయారు. ఆ కోటలో ఒక ముక్క ఇంకా నిలిచి ఉంది. ఆ తరవాత ఆ చోటు పశువుల క్షేత్రమైంది. 1880లలో అది ఆర్చిబాల్డ్ స్టివార్ట్ చేతికి వచ్చింది. 1884లో పక్క క్షేత్రంలో జరిగిన కాల్పుల్లో ఆయన చనిపోతే, భార్య హెలెన్ స్టివార్ట్ గర్భవతిగా ఉండి కూడా క్షేత్రం బాధ్యత తలకెత్తుకున్నారు. పద్దెనిమిదేళ్లు నడిపారు. ఆ లోయలో పోస్ట్‌మాస్టర్‌గా పనిచేశారు, పైయూట్ స్త్రీలు అల్లిన బుట్టలు సేకరించారు, స్థానిక చరిత్ర రాసిపెట్టాలని పట్టుబట్టారు. ఊరి చరిత్ర దాచాలన్న ఆలోచన ఊరు పుట్టకముందే ఒక రైతు స్త్రీకి వచ్చిందనడం అతిశయోక్తి కాదు. 1911 చివర్లో ఆమె పది ఎకరాలు ప్రభుత్వానికి 500 డాలర్లకు ఇచ్చారు. ఆ పదెకరాల్లోనే పైయూట్ కాలనీ ఏర్పడింది. ఆమె ఉత్తరాలు, ఫొటోలు ఇప్పుడు నెవాడా విశ్వవిద్యాలయం లాస్ వెగాస్ శాఖ గ్రంథాలయంలో ఉన్నాయి.

ఆమె 1902లో తన క్షేత్రాన్ని సెనేటర్ విలియం క్లార్క్ రైల్వే కంపెనీకి అమ్మారు. లాస్ ఏంజెలెస్‌కూ సాల్ట్ లేక్ సిటీకీ మధ్య నడిచే ఆవిరి ఇంజన్లకు నీళ్లు కావాలి, అవి ఇక్కడ ఉన్నాయి. 1905 మే 15, 16 తేదీల్లో కంపెనీ తన స్థలాలను వేలం వేసింది. ఆ వేలంలో తీసిన ఫొటో లాస్ వెగాస్ పుట్టుకకు దొరికే తొలి సాక్ష్యాల్లో ఒకటి. చదును చేసిన మట్టి నేల, ఎత్తయిన చెక్క వేదిక, దాని చుట్టూ నల్ల కోట్లు వేసుకుని, టోపీలు పెట్టుకున్న వందలాది మగవాళ్లు. చెట్టనేది కనబడదు. లాస్ ఏంజెలెస్ నుంచీ సాల్ట్ లేక్ నుంచీ ప్రత్యేక రైళ్లలో వచ్చినవాళ్లు వీళ్లు. స్థలం కొన్నవాళ్లకు టిక్కెట్టు డబ్బు ధరలో తగ్గించారు. ఇప్పటి ప్లాట్ల వ్యాపారులకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. ఫొటో ఇంతవరకే చెబుతుంది. కొన్నవాళ్లలో ఎందరు ఇల్లు కట్టుకున్నారు, ఎందరు ఆ ఎండకు తట్టుకోలేక తిరుగు రైలెక్కారు, పట్టాల అవతలి పక్కన సర్వేయరు మెక్‌విలియమ్స్ అంతకుముందే వేసిన పాత ప్లాట్లు ఏమయ్యాయి అన్నవి ఆ చట్రంలోకి రాలేదు. ఆ అవతలి పక్కే తరవాత వెస్ట్‌సైడ్ అయింది.

ఈ తొలి ఫొటోల్లో చాలా వాటికి తేదీ లేదు. కుటుంబం వాళ్లు పెట్టెలో పెట్టి తెచ్చి ఇచ్చినప్పుడు వెనక పెన్సిలుతో ‘ఫ్రెమాంట్ వీధి’ అని మాత్రమే ఉంటుంది. దానికి కాలం కట్టడం ఒక చిన్న పరిశోధన. వీధి చివర స్పానిష్ మిషన్ శైలి రైల్వే స్టేషను కనిపిస్తే అది 1940కి ముందుది. ఆ ఏడు పాతది తీసేసి నున్నటి కొత్త స్టేషను కట్టారు. దాన్ని కూడా కూల్చి 1971లో యూనియన్ ప్లాజా హోటలు తెరిచారు. వీధి మట్టిరోడ్డుగా ఉంటే 1925కి ముందు, ట్రాఫిక్ లైటు ఉంటే 1931కో ఆ తరవాతకో చెందినది. అపాచీ హోటలు కనిపిస్తే 1932 దాటినట్టే. ఎత్తయిన కౌబాయ్ నియాన్ బొమ్మ, ‘వెగాస్ విక్’, చెయ్యి ఊపుతూ కనిపిస్తే 1951 దాటింది. కార్ల మోడళ్లు, కరెంటు స్తంభాల సంఖ్య, ఆడవాళ్ల గౌన్ల పొడవు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంత చేసినా ఫొటోలో నిలబడ్డవాళ్ల పేర్లు తేలవు. వాటి కోసం మళ్లీ మనిషి దగ్గరికే వెళ్లాలి.

మాటల సేకరణ విషయానికొస్తే, పద్ధతిగా మౌఖిక చరిత్ర సేకరించడం అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో 1948లో మొదలైంది. నెవాడాలో రీనో నగరంలోని విశ్వవిద్యాలయం 1965లో తన కార్యక్రమం ఆరంభించింది. లాస్ వెగాస్‌లో 1970లలో చరిత్ర ఆచార్యుడు రాల్ఫ్ రోస్కీ తన విద్యార్థులకు ఒక పని అప్పగించారు: ఊళ్లో పాతకాపులెవరో వెతికి, క్యాసెట్ రికార్డరు పట్టుకెళ్లి మాట్లాడించుకు రావాలి. అలా వచ్చిన టేపులు ‘తొలినాటి లాస్ వెగాస్’ సేకరణగా ఆయన పేరుతోనే నిలిచాయి. విద్యార్థుల ప్రశ్నలు కొన్నిచోట్ల తడబడతాయి, జవాబు మంచి పట్టు మీద ఉన్నప్పుడు తరవాతి ప్రశ్నకు దూకేస్తాయి. అయినా ఆ తరం వెళ్లిపోయాక ఇంకెవరూ అడగలేని సంగతులు వాటిలో దక్కాయి. ఒక నిపుణుడు వచ్చేదాకా ఆగి ఉంటే ఆ మాటలు పోయేవి.

ఆ తరం కథల్లో జూదం కన్నా ఎండ గురించి ఎక్కువ ఉంటుంది. ఏసీలు లేని రోజుల్లో రాత్రిళ్లు మంచాలు వరండాలోకి లాక్కుని, దుప్పట్లు నీళ్లలో తడిపి కప్పుకుని పడుకునేవారు. రైల్వేకు పండ్ల బోగీల కోసం ఐసు ఫ్యాక్టరీ ఉండేది, ఊరికి అదే చల్లదనం. 1910 కొత్త సంవత్సరం నాడు వచ్చిన వరదకు ఎగువన రైలు మార్గం కొట్టుకుపోయి, నెలల తరబడి రాకపోకలు ఆగిపోయాయి. 1921లో రైల్వే యూనియన్ పసిఫిక్ చేతికి పోయింది, మరుసటి ఏడాది కార్మికుల సమ్మె జరిగింది, ఆ తరవాత మరమ్మతు షెడ్లు వేరే ఊరికి తరలిపోయాయి. వందలాది ఉద్యోగాలు పోయిన ఆ రోజుల్లో ఊరు బతుకుతుందని నమ్మినవాళ్లు తక్కువ. 1931లో రెండు సంగతులు కలిసొచ్చాయి: మార్చి 19న రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది, కొలరాడో నది మీద హూవర్ ఆనకట్ట పనులు మొదలయ్యాయి. ఆనకట్టను ప్రభుత్వం తరఫున బెన్ గ్లాహా ఫొటోలు తీశారు. కాంక్రీటు గోడల అందం కోసం ఇప్పటికీ ఆ ఫొటోలు చూస్తారు. పని దొరుకుతుందని పిల్లాపాపలతో వచ్చి నది ఒడ్డున గుడ్డ గుడారాల్లో మండుటెండలో కాపురమున్న కుటుంబాల గోడు మాత్రం ఎక్కువగా ఇంటర్వ్యూల్లోనే దొరుకుతుంది.

ఇంటర్వ్యూ అంటే రికార్డరు నొక్కి కూర్చోవడం కాదు. మనిషి దగ్గరికి వెళ్లేముందే ఆ కాలం పత్రికలు, పటాలు, రైల్వే కాగితాలు చదవాలి. మీ చిన్నప్పుడు ఊరు ఎలా ఉండేది అని అడిగితే, బాగుండేది అన్న జవాబే వస్తుంది. మీ ఇంటి నుంచి బడికి ఏ దారిన వెళ్లేవారు అని అడిగితే వీధులు, దుకాణాలు, కుక్క తరిమిన మలుపు అన్నీ వస్తాయి. పాత ఫొటో చేతిలో పెడితే జ్ఞాపకం ఇంకా తొందరగా కదులుతుంది. “ఈ మూలన మంగలి షాపు ఉండేది, ఫొటోలో లేదేంటి?” అన్న మాటతో ఫొటో తేదీ కూడా సర్దుకోవచ్చు. ఆ తరవాత అసలు శ్రమ మొదలవుతుంది. గంటసేపు మాట్లాడినదాన్ని అక్షరాల్లోకి ఎక్కించడానికి చాలా గంటలు పడుతుంది. రాతప్రతి మాట్లాడినవాళ్లకు చూపించి, పేర్లు, ఊళ్లు సరిచూసుకుని, వాడుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటారు. కొందరు కొంత భాగాన్ని తాము పోయేదాకా బయటపెట్టొద్దని షరతు పెడతారు. జూదశాలల యజమానుల గురించి చెప్పే ఊళ్లో ఆ షరతు వింతేమీ కాదు.

జ్ఞాపకం తప్పుతుందన్నది మౌఖిక చరిత్ర మీద ఎప్పుడూ వచ్చే అభ్యంతరం. తప్పుతుంది, నిజమే. ఇటలీలోని టెర్ని పట్టణంలో లుయిజి ట్రస్టుల్లి అనే కార్మికుడు 1949లో పోలీసుల చేతిలో చనిపోతే, చాలామంది అది 1953లో ఉద్యోగాల తొలగింపులప్పుడు జరిగిందని చెప్పారు. అలెస్సాండ్రో పోర్టెల్లి అనే పరిశోధకుడు ఆ పొరపాటును కొట్టిపారేయకుండా, జనం ఎందుకలా గుర్తుపెట్టుకున్నారని ఆలోచించాడు. ఆ చావుకు వాళ్ల మనసులో ఉన్న విలువకు సరిపోయే సందర్భం 1953లోనే ఉంది మరి. లాస్ వెగాస్‌లో ఇలాంటి తారుమారు ఇంకా ఎక్కువ. సినిమాల్లో చూసిన గూండాల కథ, అసలు చూసిన గూండాల కథ ఒకరి నోట్లోనే కలిసిపోతాయి. అందుకని తారీఖు కోసం పత్రికను, ఎత్తూ పొడుగూ కోసం ఫొటోను, అనుభవం కోసం మనిషిని నమ్మడం మంచి పద్ధతి.

ఫొటోల సంగతి తీసుకుంటే, 1940ల చివరి నుంచీ లాస్ వెగాస్‌కు అవి కరువు కాదు. ఊరి వాణిజ్య మండలి ఒక న్యూస్ బ్యూరో పెట్టి, ఫొటోగ్రాఫర్లను జీతాల మీద పెట్టుకుంది. వాళ్ల పని ఊరిని అమ్మడం. ఎక్కడో చిన్న పట్టణం నుంచి వచ్చిన దంపతులను ఈతకొలను పక్కన ఫొటో తీసి, వాళ్ల ఊరి పత్రికకే పంపేవారు. సాండ్స్ హోటలు కొలనులో నీళ్ల మీద తేలుతున్న జూదపు బల్ల చుట్టూ జనం నిలబడ్డ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 1951 జనవరి నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో అణు పరీక్షలు మొదలైతే, ఫ్రెమాంట్ వీధి బోర్డుల వెనక లేచిన పుట్టగొడుగు మేఘం కూడా ప్రచారానికి పనికొచ్చింది. 1957లో బ్యూరో ఫొటోగ్రాఫర్ డాన్ ఇంగ్లిష్, మేఘం ఆకారంలో దూదిని ఈత దుస్తుల మీద అంటించుకున్న నర్తకి లీ మెర్లిన్‌ను ఎడారిలో నిలబెట్టి తీసిన ‘మిస్ అటామిక్ బాంబ్’ ఫొటో ప్రసిద్ధం. ఆమెది రంగస్థలం పేరు మాత్రమే. ఆమె అసలెవరో తేలడానికి దశాబ్దాలు పట్టింది, ఒక స్థానిక పరిశోధకుడు ఏళ్ల తరబడి వెతకాల్సి వచ్చింది.

ఆ బ్యూరో భాండాగారం ఊరికి పెద్ద ఆస్తి. కూలిపోయిన హోటళ్ల లోపలి గదులు, బోర్డులు, వేదికలు ఇప్పుడు అక్కడే చూడాలి. కానీ అమ్మకానికి తీసిన ఫొటోలో అమ్మకానికి పనికిరానిది ఉండదు. వెస్ట్‌సైడ్‌ను ఆ కెమెరాలు దాదాపుగా చూడలేదు. 1942 ప్రాంతంలో హెండర్సన్‌లో మెగ్నీషియం ఫ్యాక్టరీ పెట్టినప్పుడు లూసియానాలోని టల్లూలా, ఆర్కన్సాలోని ఫోర్డైస్ లాంటి చిన్న ఊళ్ల నుంచి నల్లజాతి కుటుంబాలు పని కోసం వచ్చాయి. ఒకరు వచ్చి, తరవాత తమ్ముణ్ని పిలిపించుకుని, అతని వెనక అత్తగారి వైపువాళ్లు వచ్చి, రెండు ఊళ్లు సగానికి సగం ఇక్కడికి మారినట్టయింది. పొట్టకూటికి గల్ఫుకు ఒకరి వెనక ఒకరు వెళ్లిన మన పల్లెల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఊరి మధ్యలో ఇల్లు అద్దెకు దొరికేది కాదు కాబట్టి వాళ్లు పట్టాల అవతల ఉండాల్సి వచ్చింది. అక్కడ చాలాకాలం రోడ్లు వేయలేదు. హోటళ్లలో గదులు ఊడ్చే పని దొరికేది, గది మాత్రం దొరికేది కాదు. వేదిక మీద పాడి చప్పట్లు అందుకున్న శామీ డేవిస్ జూనియర్ లాంటివాళ్లు కూడా రాత్రి పడకకు వెస్ట్‌సైడ్‌లోని పూటకూళ్ల ఇళ్లకే రావాల్సి వచ్చేది.

ఇదంతా పక్కాగా వెలుగులోకి వచ్చింది ఇంటర్వ్యూల వల్లనే. 2003లో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మౌఖిక చరిత్ర పరిశోధనా కేంద్రం ఏర్పడింది. దాని తొలి డైరెక్టరు క్లేటీ వైట్ రెండు దశాబ్దాలు ఆ పని చూశారు. హోటళ్లలో గదులు శుభ్రం చేసినవాళ్లు, వంటమనుషులు, పాస్టర్లు, టీచర్లు, నర్తకీమణులు మొదటిసారి చరిత్ర చెప్పేవాళ్లయ్యారు. ఫొటోల లోటు కూడా కొంత పూడింది. 1960లలో వెస్ట్‌సైడ్ పెళ్లిళ్లు, చర్చిలు, సభలు, వీధులు తీసిన నల్లజాతి ఫొటోగ్రాఫర్ క్లింటన్ రైట్ నెగటివ్‌లు భాండాగారంలో చేరాయి. ఒకే ఏడాది న్యూస్ బ్యూరో తీసిన ఫొటోనూ రైట్ తీసిన ఫొటోనూ పక్కపక్కన పెడితే, రెండు వేర్వేరు ఊళ్లని భ్రమ కలుగుతుంది.

మౌలిన్ రూజ్ హోటలు ఉదాహరణలో మాట, ఫొటో రెండూ ఒకదాన్నొకటి ఎలా సరిదిద్దుతాయో తెలుస్తుంది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చోగల మొదటి పెద్ద హోటలుగా 1955 మేలో అది తెరుచుకుని, ఆర్నెల్లకే మూతపడింది. 1960 మార్చి 26న పెద్ద జూదశాలల వీధి అయిన స్ట్రిప్‌లోని హోటళ్లలో వర్ణవివక్షకు స్వస్తి చెప్పే ఒప్పందం అక్కడే ప్రకటించారు. ఆ రోజు బల్ల చుట్టూ కూర్చున్న నాయకుల ఫొటో ప్రసిద్ధం. చూస్తే అక్కడే బేరం కుదిరినట్టు ఉంటుంది. నిరసన ప్రదర్శనకు పిలుపునిచ్చిన దంత వైద్యుడు జేమ్స్ మెక్‌మిలన్ తన మౌఖిక చరిత్రలో, హోటళ్లు ఒప్పుకున్నట్టు తనకు అంతకుముందే కబురు అందిందని చెప్పారు. 1997లో పుస్తకంగా వచ్చిన ఆ కథనం లేకపోతే ఫొటోనే పూర్తి నిజమనుకునేవాళ్లం. మెక్‌మిలన్ మాటను కూడా మిగతావాళ్ల కథనాలతో సరిపోల్చాల్సిందే. ఎవరికి ఎంత ఘనత చెందాలన్న దగ్గర అవి ఒకదానితో ఒకటి కలవవు.

అణు పరీక్షల గురించి ఇదే విశ్వవిద్యాలయం 2003 నుంచి 2008 వరకు విడిగా ఒక సేకరణ చేసి 150 మందికి పైగా మాట్లాడించింది. శాస్త్రవేత్తలు, సొరంగం కూలీలు, సైనికులు, నిరసనకారులు, గాలివాటున ధూళి పడ్డ ఊళ్లవాళ్లు, ఆ నేల మాదేనన్న ఆదివాసులు అందరూ అందులో ఉన్నారు. ఒకే పరీక్షను ఒకరు దేశసేవగా, ఇంకొకరు కుటుంబంలో వచ్చిన కాన్సరుగా గుర్తుంచుకున్నారు. మౌఖిక చరిత్ర కేంద్రం తరవాత యూదుల, లాటినోల, ఆసియా మూలాలవాళ్ల కథనాలు కూడా విడివిడిగా సేకరించింది. 2017 అక్టోబరు 1న ఊళ్లో ఒక సంగీత కచేరీ మీద కాల్పులు జరిగాక చూసినవాళ్ల మాటలను ముప్పై ఏళ్లు ఆగకుండా, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే రికార్డు చేయడం మొదలుపెట్టారు. పాతకాపుల కోసం క్యాసెట్లు మోసిన కాలం నుంచి పద్ధతి ఇంత మారింది.

దాచడం విషయంలో ఎడారికి ఒక లాభం, ఒక నష్టం. పొడి గాలికి కాగితం బూజు పట్టదు. వేడికి ఫిల్ము పాడవుతుంది. షెడ్డులో నలభై ఏళ్లు పడి ఉన్న రంగుల స్లైడుల్లో రంగులు వెలిసి అన్నీ ఎర్రగా మిగులుతాయి. 1950లకు ముందు వాడిన నైట్రేట్ ఫిల్ముకు తేలిగ్గా నిప్పంటుకుంటుంది కాబట్టి దాన్ని వేరుగా, చల్లగా ఉంచాలి. ఆ తరవాతి ఎసిటేట్ ఫిల్ము పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వస్తుంది, పెట్టె తెరవగానే ముక్కుకు తెలిసిపోతుంది. క్యాసెట్లు ఇంకో రకం బెడద. టేపు సాగిపోతుంది, మోగించే యంత్రాలు దొరకవు, కాపీ చేయాలంటే ఎన్ని గంటల టేపో అన్ని గంటలూ నడపాల్సిందే. స్కానింగ్‌తో అసలు నెగటివ్ అవసరం తీరిపోదు. డిజిటల్ ఫైళ్లను కూడా కొన్నేళ్లకోసారి కొత్త డిస్కుల్లోకి, కొత్త రూపాల్లోకి మార్చుకుంటూ ఉండాలి.

ఇప్పుడు ఈ సేకరణల్లో చాలా భాగం ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. దానివల్ల ఫొటోల కింద ‘పేరు తెలియని మనిషి’ అని ఉన్నచోట చూసినవాళ్లు పేర్లు చెప్పే అవకాశం వచ్చింది. రాతప్రతులు వెతకడానికి సులువుగా ఉంటాయి గానీ, రాతకు ఎక్కించేటప్పుడు తటపటాయింపు, నవ్వు, మాట మింగేయడం పోతాయి. అందుకే రాతప్రతికీ టేపుకూ తేడా వచ్చిన చోట చాలా భాండాగారాలు టేపునే ప్రమాణంగా తీసుకుంటాయి.